దొరసాని పరీక్ష తప్పిన రోజు

కరోనాకు రెండేళ్ల ముందటి జూలైలో, వానలు పట్టిన వారం, నన్ను బస్తర్ దక్షిణాన దంతెవాడ జిల్లాలోని ఒక గనుల టౌన్‌షిప్‌కు ఇంగ్లీషు శిక్షకుడిగా వేశారు. ఉద్యోగం అక్కడి ఉపాధి శిక్షణ కేంద్రంలో. హోదా సీనియర్ ట్రైనర్. నా కింద ఒక కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్, నా పైన రాయపూర్‌లో ఒక ప్రోగ్రాం మేనేజర్. అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఖమ్మం జిల్లా జూనియర్ కాలేజీల్లో నల్లబల్ల మీద ఇంగ్లీషు చెప్పి, ముందుగానే పదవీ విరమణ తీసుకున్నవాణ్ణి. ఈ రెండో ఉద్యోగం నాకు దొరకడానికి కారణం నా ఇంగ్లీషు కాదు, నా తెలుగు. శిక్షణకు వచ్చేవాళ్లలో సగం మందికి తెలుగులో చెబితే తేలిగ్గా తలకెక్కుతుందని ఎవరో జిల్లా అధికారికి తోచింది. మంచి ఆలోచనే.

ఆ టౌన్‌షిప్‌లో భాషలకు కొదవ లేదు. సంతలో హల్బీ, గోండీ, ఆఫీసుల్లో హిందీ, గని కార్మికుల క్వార్టర్లలో శ్రీకాకుళం తెలుగు, సుక్మా, బీజాపూర్ జిల్లాల చివరి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల నోట దోర్లీ కలిసిన భద్రాచలం వైపు తెలుగు. నాలుగు భాషలు అవలీలగా మాట్లాడే మనిషిని మన దేశంలో చదువురానివాడు అంటారు, ఆ నాలుగింటిలో ఇంగ్లీషు లేకపోతే. ఆ అన్యాయాన్ని నేను ఒక్కణ్ణే మార్చలేను. ఆ ఇంగ్లీషేదో వాళ్లకు నేర్పి పెట్టగలను. ఆ ఉద్దేశంతోనే వెళ్లాను.

నాకు అప్పగించిన పని ఇది. కొండమీద ఇనుప ఖనిజం తవ్వకంలో డంపర్లు నడిపే ఒక కాంట్రాక్టు కంపెనీ తన కంట్రోల్ రూముకు నలుగురు రేడియో ఆపరేటర్లను స్థానికుల నుంచి తీసుకోవడానికి ఒప్పుకుంది. డంపర్ అంటే ఇంటి ఎత్తున్న లారీ. దాని డ్రైవరుకు చక్రం పక్కన ఏముందో కనపడదు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో వాకీటాకీలో కంట్రోల్ రూము చెప్పాలి. రాయి పేల్చే ముందు దారులన్నీ ఖాళీ చేయించాలి. డ్రైవర్లు ఒక రాష్ట్రంవాళ్లు, ఇంజనీర్లు మరో రాష్ట్రంవాళ్లు కాబట్టి రేడియోలో పలికే వాక్యాలు ఇంగ్లీషులో ఉండాలని కంపెనీ నియమం. అరవై డెబ్బై వాక్యాలు, అంకెలు, గంటలు, ‘మళ్లీ చెప్పండి’, ‘అర్థమైంది’ లాంటి మాటలు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పి, పుస్తకంలో రాసుకోవాలి. పలుకు పొరపడితే మనిషి చక్రం కింద పడతాడు. అందుకే ఎంపికలో ఉచ్చారణకు అంత పట్టు.

ఎంపిక రెండు మెట్లు. మొదటిది టాబ్లెట్‌లోని ఉచ్చారణ పరీక్ష. నూటికి అరవై రావాలి. అరవై దాటినవాళ్లకే రెండో మెట్టు, అంటే పుణెలో కూర్చున్న పరీక్షకురాలితో వీడియోలో పావుగంట సంభాషణ. అరవై దాటనివాళ్ల ముఖం ఆవిడ చూడనే చూడదు.

ఆ టాబ్లెట్ పాఠం ఎలా ఉంటుందో చెప్పాలి. తెర మీద ఒక వాక్యం వస్తుంది. ముందే రికార్డు చేసిన ఒక విదేశీ స్త్రీ గొంతు దాన్ని చదువుతుంది. తర్వాత మనం చదవాలి. యంత్రం విని, బాగా పలికిన మాటకు ఆకుపచ్చ, ఫర్వాలేదంటే పసుపు, తప్పితే ఎరుపు రంగు వేసి, చివర్లో మార్కు ఇస్తుంది. మార్కులు టాబ్లెట్‌లోనే దాచి ఉంటాయి. మా కేంద్రంలో నెట్‌వర్కు మేడ మీదే దొరికేది. సాయంత్రం ఇన్‌స్ట్రక్టర్ సాహు పదహారు టాబ్లెట్లనూ సంచిలో వేసుకుని పైకెక్కి, వాటిని ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌లో కలిపేవాడు. దాన్ని ‘సింక్’ అంటారు. మరుక్షణం ఆ మార్కులు రాయపూర్ మేనేజరు కంప్యూటర్లో పట్టికగా కనిపిస్తాయి. ఆ పట్టిక పేరు డాష్‌బోర్డు.

నాకు ఆ యంత్రం తెగ నచ్చింది. యాభైమంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్ల వారానికొక వాక్యం పైకి పలికితే గొప్ప. టాబ్లెట్ వందసార్లు పలికినా వింటుంది, నవ్వదు, విసుక్కోదు. కులం అడగని పంతులును నా జీవితంలో మొదటిసారి చూశానని మిత్రులకు ఉత్తరాలు కూడా రాశాను.

శిక్షణలో ఉన్నది పదహారుమంది. తొమ్మిదిమంది టౌన్‌షిప్ క్వార్టర్ల పిల్లలు, ఏడుగురు సరిహద్దు ఊళ్లవాళ్లు. ఆ ఏడుగురిలో పెద్దది గొల్లపల్లి వైపు నుంచి వచ్చిన మడకం ముత్తమ్మ. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. ఆశ్రమ పాఠశాలలో హిందీ మీడియంలో పన్నెండు చదివింది. ఆ తర్వాత ఏటా దసరా దాటాక పత్తి ఏరడానికి, సంక్రాంతి దాటాక మిరపకాయలు కోయడానికి, కూలీలను కుదిర్చే మేస్త్రీ వెంట తెలంగాణ చేలకు వెళ్లేది. టార్పాలిన్ గుడిసెల్లో నాలుగైదు నెలలు. కూతురు ఇంకా ఒకటో తరగతిలోనే ఉంది, ప్రతి ఏడూ బడి మధ్యలో ఆగిపోతోంది. “ఈసారి గీ రేడియో కొలువు రాకుంటే పిల్లను మల్ల చేన్లకే తోల్కపోవాలె సారూ,” అని చేరిన రోజే చెప్పింది. దసరాకు ముందు వస్తావో రావో చెప్పమని మేస్త్రీ అప్పటికే కబురు పెట్టాడట. రానంటే ఆ గుంపులో చోటు ఇంకొకరికి పోతుంది. దసరాలోగా మా ఎంపిక తేలాలి. ఆమె లెక్క అంత సూటిగా ఉంది.

పదహారుమంది ఒకే గదిలో మాట్లాడితే యంత్రాలు ఒకరి మాట ఒకరిదనుకుంటాయి. అందుకని ఒక్కొక్కరూ ఒక్కో మూల చూసుకునేవాళ్లు. మెట్ల కింద ఒకరు, నీళ్ల ట్యాంకు పక్కన ఒకరు. ముత్తమ్మది స్కూటర్ల షెడ్డు. అక్కడ నిలబడి కాపలాదారు స్కూటరుకు ఆజ్ఞలిచ్చేది: “స్కూటర్ సెవెన్, స్టాప్ అండ్ వెయిట్!” కాపలాదారు బైసాఖు ఒకరోజు నిజంగానే ఆగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఆమె నవ్వకుండా, “స్కూటర్ సెవెన్, యూ ఆర్ లేట్,” అంది. ఆ వాక్యం పాఠంలో లేదు. తనే కట్టుకుంది. భాష వంటబడుతోందనడానికి నాకు అంతకన్నా గుర్తు అక్కర్లేకపోయింది. టాబ్లెట్‌లో వినిపించే విదేశీ గొంతుకు ‘దొరసాని’ అని పేరు పెట్టింది కూడా ఆమే. ఆగస్టు చివరికి పదహారుమంది మార్కులూ యాభై అయిదుకూ డెబ్బైకీ మధ్య ఉన్నాయి. ముత్తమ్మది అరవై ఆరు.

సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ. గనుల ఊళ్లకు అది పెద్ద పండగ. ఆ రోజు కొండమీద డంపర్ మొదలుకొని సైకిలు షాపులో పానా దాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడతారు. మా కేంద్రంలో కూడా కుట్టుమిషన్లు, వెల్డింగు సెట్లు, కంప్యూటర్లు, టాబ్లెట్లు బల్ల మీద వరసగా పేర్చారు. నేను అడ్డుపడ్డాను. ప్రభుత్వ సొమ్ముతో నడిచే శిక్షణ సంస్థలో యంత్రానికి కొబ్బరికాయ కొట్టడమేమిటన్నాను. కరెంటుతో నడిచేదానికి హారతి ఎందుకన్నాను. సాహు నెమ్మదస్తుడు. ఏడాదంతా అన్నం పెట్టే పనిముట్టుకు ఒక్కరోజు దండం పెడితే ఏం పోతుంది సర్ జీ అన్నాడు. బుద్ధి పోతుంది అన్నాను. మాట అక్కడితో తెగింది. నిరసనగా నా గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకుని, మూఢనమ్మకాల మీద ఒక మాసపత్రికకు రాస్తున్న వ్యాసం దిద్దుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం ముత్తమ్మ కిటికీ దగ్గరకొచ్చి పళ్లెం చూపించింది.

“సారూ, దేవుణ్ణి తిట్టుకుంటనే తినుండ్రి. బూందీ మంచిగుంది.”

తినలేదు. ఆ పంతం అప్పట్లో నాకు గర్వంగా ఉండేది.

మర్నాటికి బైసాఖు బల్లలు, తెరలు అన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు. పూజ జరిగిన ఆనవాలు ఎక్కడా లేదు. ఆ వారమే రెండో స్థాయి పాఠాలు మొదలయ్యాయి. వాక్యాలు పొడుగు, అంకెలు ఎక్కువ. కొందరి తెరల మీద ఎరుపు పెరిగితే కొత్త పాఠాల బరువనుకున్నాను. పది రోజుల తర్వాత ఎంపికలో మొదటి మెట్టయిన కటాఫ్ పరీక్ష పెట్టాను. సాయంత్రం సాహు మేడ దిగి వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. టౌన్‌షిప్ పిల్లలు తొమ్మిదిమందీ అరవై దాటారు. సరిహద్దు ఊళ్ల ఏడుగురూ ముప్పై దగ్గర కూలబడ్డారు. ముత్తమ్మకు ఇరవై తొమ్మిది.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది కాబట్టి వివరంగా రాస్తాను.

కాగితం చూడగానే నాకు కారణం దొరికిపోయింది. స్థాయి పెరిగింది, మాతృభాష ప్రభావం బయటపడింది. ఇంగ్లీషు ‘ఫైవ్’లో మొదటి అక్షరం, ‘జీరో’లో మొదటి అక్షరం దోర్లీలో లేవు, పల్లె తెలుగులోనూ లేవు. తేలిక వాక్యాల్లో దాగిన లోపం కష్టమైన వాక్యాల్లో తేలింది. ఎంత చక్కగా కుదిరింది! ఆ సిద్ధాంతం మొత్తం రెండు పేజీల నివేదికగా రాయపూర్‌కు పంపాను. ఏడుగురినీ ఈ విడత నుంచి తప్పించి వచ్చే ఏడాది మళ్లీ తీసుకోవాలని సిఫారసు చేశాను. మేనేజరు ఫోను చేసి, ఇంత విశ్లేషణ తనకు ఏ కేంద్రం నుంచీ రాలేదని మెచ్చుకున్నాడు. జాబితా నోటీసు బోర్డు మీద పెట్టించాను.

క్వార్టర్ల పిల్లల్లో మొదటి మార్కు ఉషది. వాళ్ల నాన్న గనిలో ఫిట్టరు, శ్రీకాకుళం వైపు మనిషి. ఉష ఇంట్లో మాట్లాడేదీ తెలుగే, ఆ తెలుగులోనూ ఆ అక్షరాలు లేవు. నా సిద్ధాంతాన్ని ఆ ఒక్క పిల్ల పేరు కూల్చేయగలదు. అది నా కళ్లముందే ఉంది. నేను చూడలేదు.

నోటీసు పెట్టిన గంటకు ముత్తమ్మ నా గదికి వచ్చింది. మామూలుగా గుమ్మం బయటే నిలబడేది. ఆ రోజు లోపలికి వచ్చేసింది.

“ఏంది సారూ, నా నోరు పదొద్దుల్లోనే పాడైందా?”

స్థాయి పెరిగిందనీ, కొన్ని శబ్దాలు అలవాటు కావడానికి సమయం పడుతుందనీ చెప్పాను. వచ్చే ఏడాది తప్పకుండా అన్నాను.

“వచ్చే ఏడు మీకు వస్తది. నాకు పత్తి వస్తది,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “మీరొక్కసారి షెడ్డుకాడికి వచ్చి సూడుండ్రి. సూసినంక గూడ తప్పు నాదే అంటే, రేపే మేస్త్రీకి ఫోన్ జేస్త,” అంది.

వెళ్లాను. సాహు కూడా వచ్చాడు. షెడ్డులో మిగతా ఆరుగురు, ఉష ఉన్నారు. ముత్తమ్మ ఉష టాబ్లెట్ తీసుకుని తన టాబ్లెట్‌కు ఎదురుగా, మూతికి మూతి ఆనేలా పెట్టింది. ఉష టాబ్లెట్‌లో దొరసాని వాక్యం నొక్కింది. “డంపర్ సెవెన్, క్లియర్ ద రోడ్, బ్లాస్టింగ్ ఎట్ టూ.” దొరసాని స్పష్టంగా చదివింది. ముత్తమ్మ టాబ్లెట్ విన్నది. మాటల మీద ఒక్కొక్కటిగా ఎరుపు పడింది. మార్కు ముప్పై ఒకటి.

“సూసిండ్రా? దొరసాని గూడ ఫెయిలే,” అంది ముత్తమ్మ. “ఆమెను గూడ వచ్చే ఏడు రమ్మందమా?”

అందరూ ఒక్కసారి నవ్వారు. నేను నవ్వలేదు. సాహు, మెషీన్ ఝూఠ్ నహీ బోల్తీ అన్నాడు. యంత్రం అబద్ధం చెప్పదని. ముత్తమ్మ తిరిగి చూసింది. “మరి దొరసాని జెప్తదా సాహు భయ్యా? ఆమె మాట ఆమెకే రాదా?”

నా వృత్తిగర్వం అప్పటికీ లొంగలేదు. టాబ్లెట్ స్పీకర్లోంచి వచ్చిన గొంతు కొంత బొంగురుపోవచ్చు, అందుకే మార్కు తగ్గి ఉండవచ్చు అన్నాను. అభ్యంతరం న్యాయమైనదే. అయితే దాన్ని పరీక్షించాలి. అక్కడే మరో మూడు పరీక్షలు చేశాం. క్వార్టర్ల పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు. వాటి తీగకే చిన్న మైకు ఉంటుంది. కేంద్రం ఇవ్వాల్సిన ఇయర్‌ఫోన్లు రెండో విడతలో వస్తాయన్నారు, రాలేదు. అందుకని ఊళ్లవాళ్లు టాబ్లెట్‌కే మాట్లాడేవాళ్లు. దొరసాని గొంతును ఉష ఇయర్‌ఫోను మైకుకు వినిపిస్తే తొంభై ఒకటి వచ్చింది. అదే ఇయర్‌ఫోన్లు ముత్తమ్మ తన టాబ్లెట్‌కు తగిలించుకుని చదివితే డెబ్బై నాలుగు. ఆఖరున ఉషను ఇయర్‌ఫోన్లు లేకుండా ముత్తమ్మ టాబ్లెట్‌లో చదవమన్నాను.

“ఏటి సార్! నాకు ఇరవై రెండా?” ఉష టాబ్లెట్‌ను దూరంగా పట్టుకుంది. “మా నాన్న సూసినాడంటే ఈ గనిలోకే తోసేస్తాడు!”

ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. తప్పు నోటిది కాదు, చెవిది.

టాబ్లెట్ కింది అంచున గుండుసూది మొన పట్టేంత రంధ్రం ఉంటుంది. అదే దాని చెవి. ఫోను టార్చి వేసి చూశాను. నారింజ రంగులో ఏదో గట్టిగా బిగిసి ఉంది. సూదితో గీకితే పొడిగా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన. అక్కడివాళ్లు బందన్ అనే సిందూరం. నూనెలో కలిపి పనిముట్లకు పెడతారు. ఏడు టాబ్లెట్లలోనూ అదే. తక్కిన తొమ్మిదింటిలో కూడా ఉంది. ఇయర్‌ఫోన్ల పుణ్యమా అని వాటి చెవుడు బయటపడలేదు. బైసాఖు తెరలు తుడిచాడు గానీ రంధ్రంలోకి వెళ్లినదాన్ని తడిగుడ్డ ఇంకా లోపలికే నెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పానా అన్నాను. ఇదీ మీ పూజ ఫలం అన్నాను. ఉద్యోగం ఇచ్చే యంత్రం చెవిలో సీసం పోసినట్టు సిందూరం పోశారన్నాను. ఎవరు పెట్టారీ బొట్లు అని అరిచాను.

“నేనే పెట్టిన,” అంది ముత్తమ్మ. భయపడలేదు. “తెర మీద పెడితే కనబడదని అంచుకు పెట్టిన. నా దానికి ఇంకింత ఎక్కువ పెట్టిన, కొలువు దాని చేతులనే ఉందని. గాడ బొక్క ఉందని నాకేమెరుక? మీకెరుక. మీరేమో తలుపేసుకుని కూసుంటిరి. బల్లకాడ నిలబడి తిట్టినా బాగుండు. ‘ఏయ్, గాడ పెట్టకు’ అందురు గద.”

ముప్పై ఏళ్లుగా సభల్లో, పత్రికల్లో వాదించినవాణ్ణి. ఆమె చెప్పింది నిజం. ఆమె తెలియక చేసింది. తెలిసినవాణ్ణి తలుపు వేసుకున్నాను. ఆమె యంత్రానికి బొట్టు పెట్టింది, నేను దాని అంకెకు సాష్టాంగపడ్డాను. ఇద్దరిలో ఎవరి భక్తి ఎక్కువ హాని చేసిందో నోటీసు బోర్డు మీద ఏడు పేర్లుగా కనిపిస్తూనే ఉంది. అంతకుమించి, అనుమానం వచ్చినప్పుడు ప్రయోగం చేసి చూసింది ఆమె. నివేదిక రాసింది నేను.

టాబ్లెట్లు బాగు చేయడానికి రెండు గంటలు పట్టింది. జాబితా బాగు చేయడం అంత తేలిక కాలేదు. కటాఫ్ మార్కులు ఒకసారి సింక్ అయితే తాళం పడిపోతాయి. మళ్లీ పరీక్ష పెట్టాలంటే ‘రీ-అసెస్‌మెంట్’ కింద పరికరంలో లోపం ఏమిటి, ఎలా వచ్చింది, బాధ్యులెవరు అని శిక్షకుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. లైవ్ ఇంటర్వ్యూలు నాలుగు రోజుల్లో ఉన్నాయి.

సాహు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని బతిమాలాడు. ధూళి అని రాయండి సర్ జీ అన్నాడు. ఆ ఊళ్లో చెట్ల ఆకులు కూడా ఖనిజపు ధూళితో ఎర్రబడి ఉంటాయి. ధూళి అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. పూజ అని రాస్తే పరికరాలు పాడు చేశారని అతని కాంట్రాక్టు పోవచ్చు, ఆ ఏడుగురి మీదకూ రావచ్చు. అతని భయం అర్థం లేనిది కాదు. ధూళి అని రాయడం నాకూ హాయే. నా పరువు సగం నిలబడుతుంది. కానీ ధూళి అని రాస్తే వచ్చే ఏడు పూజకు మళ్లీ అవే రంధ్రాల్లో అదే సిందూరం పడుతుంది. ఎక్కడో ఇంకో కేంద్రంలో ఇంకో ఏడుగురు తమ నోరు మంచిది కాదనుకుని ఇళ్లకు పోతారు. కారణం తప్పు రాస్తే మందు కూడా తప్పే.

జరిగింది జరిగినట్టు రాశాను. పూజలో సిందూరం మైకు రంధ్రంలోకి వెళ్లిందనీ, గదికీ పరికరాలకూ బాధ్యుణ్ణయిన నేను ఆ రోజు అక్కడ ఉండాల్సింది పోయి సొంత అభిప్రాయం కారణంగా లేననీ, అందుచేత బాధ్యత నాదేననీ రాశాను. మాతృభాష ప్రభావం మీద పంపిన నివేదికను ఉపసంహరించుకుంటున్నానని రాశాను. లోపాన్ని కనిపెట్టింది అభ్యర్థి మడకం ముత్తమ్మ అనీ, ఏ పద్ధతిలో కనిపెట్టిందో వరసగా రాశాను. సాహు పేరు రాయలేదు. రాయవలసిన అవసరం లేదు.

మేనేజరు ఫోను చేశాడు. ఆ నివేదికను తాను పైవాళ్లకు చూపించేశానన్నాడు. అయితే ఇప్పుడు ఈ ఉత్తరం కూడా చూపించండి అన్నాను. నా సర్వీసు రికార్డులో ‘పర్యవేక్షణ లోపం’ అని ఒక వాక్యం పడింది. అది న్యాయమే. మూడో రోజు పొద్దున మళ్లీ పరీక్ష పెట్టడానికి అనుమతి వచ్చింది, ఇంటర్వ్యూలకు ఇరవై నాలుగు గంటల ముందు.

ఏడుగురిలో అయిదుగురు అరవై దాటారు. బాసగూడ వైపు నుంచి వచ్చిన ఇద్దరు దాటలేదు. వాళ్లకు నేను ముందు చెప్పిన శబ్దాల ఇబ్బంది నిజంగానే ఉంది. అయితే అదే ఇబ్బంది క్వార్టర్ల పిల్లలు ముగ్గురిలోనూ ఉంది. ముత్తమ్మకు డెబ్బై ఒకటి. మార్కు చూసి, “మొన్న షెడ్డులో డెబ్బై నాలుగొచ్చె. మూడు ఎవరు మింగిండ్రు?” అని అడిగింది. అలవాటుగా కారణం చెప్పబోయి, తెలియదు అన్నాను.

పుణె పరీక్షకురాలితో మాటలు మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో జరిగాయి. నెట్‌వర్కు అక్కడే. ముత్తమ్మ వంతు వచ్చేసరికి గాలి లేచింది, వీడియో ఆగుతూ సాగుతూ ఉంది. పరీక్షకురాలు ఒక పేలుడు సమాచారం చదివి, తిరిగి చెప్పమంది. మధ్యలో గంట ఎంతో చెప్పిన మాట తెగిపోయింది. అంతకుముందు కూర్చున్న ఇద్దరు పిల్లలు అలాంటిచోట ఊహించి ఏదో ఒక గంట చెప్పేశారు. ముత్తమ్మ చెప్పలేదు. “సే అగేన్ ద టైమ్, ప్లీజ్,” అంది. మళ్లీ తెగింది. మళ్లీ అడిగింది. మూడోసారీ తెగింది. అప్పుడు ఆమె తన మాటల్లో, “టైమ్ నాట్ హర్డ్. ఐ స్టాప్ ఆల్ డంపర్స్. ఐ వెయిట్ ఫర్ యూ,” అంది.

వ్యాకరణం సరిగా లేదు. పరీక్షకురాలి ముఖం తెర మీద బిగుసుకుపోయి ఉంది. అది కోపమో, నెట్‌వర్కో తెలియలేదు. కాసేపటికి గొంతు వచ్చింది. కంట్రోల్ రూములో సరిగ్గా అదే చేయాలి, ఇంకెవరూ అలా చేయలేదు అంది.

ఎంపికైన నలుగురిలో ముత్తమ్మ, ఉష, ఊళ్లవాళ్లలో మరొకరు ఉన్నారు. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు ముత్తమ్మ నా గది ముందే నిలబడి మేస్త్రీకి ఫోను చేసింది. నేను వినాలనే చేసిందనుకుంటాను. “నేను రాను. పిల్ల బడికి పోవాలె,” అని, అవతల అతనేదో దబాయిస్తుంటే, “టైమ్ నాట్ హర్డ్,” అని పెట్టేసింది. మిగతా ముగ్గురు ఊళ్లవాళ్లు అరవై దాటీ ఎంపిక కాలేదు. ఒకరు తర్వాతి విడతలో వచ్చారు. ఇద్దరు ఆ ఏడు పత్తికే వెళ్లారు. అందరికీ దక్కిందని రాస్తే అబద్ధమవుతుంది.

నేను ఆ కేంద్రంలో మరో మూడేళ్లు పనిచేశాను. ప్రతి పరీక్షకు ముందు దొరసాని గొంతును ప్రతి టాబ్లెట్‌కూ వినిపించి, ఎనభై దాటని టాబ్లెట్‌ను పక్కన పెట్టడం మా పద్ధతిలో చేరింది. రాయపూర్ దాన్ని మిగతా కేంద్రాలకూ పంపింది, ముత్తమ్మ పేరు లేకుండా. నేను అడిగి చేర్పించాను. పూజలు జరిగాయి. నా అభిప్రాయం మారలేదు, అది అనవసరమనే చెప్పాను. చెప్పి, బల్ల పక్కనే నిలబడ్డాను.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది చాలా చిన్న నియమం. ఒక గుంపు మొత్తం ఒకేసారి పరీక్ష తప్పితే, వాళ్ల పుట్టుకలో, ఊళ్లో, నోటిలో కారణం వెతికే ముందు వాళ్ల చేతిలో ఏ పరికరం పెట్టామో చూడాలి. మనుషుల గురించిన సిద్ధాంతం రెండు పేజీల్లో రాయవచ్చు. పరికరాన్ని పరీక్షించడానికి ఒక సూది, ఒక టార్చిలైటు, లేచి షెడ్డు దాకా నడవడం కావాలి. నేను మొదటిది ముందు చేశాను. ఆ వరస తప్పు.